పల్నాటి కథలో నాగమ్మను దుష్టపాత్రగానే చూడాలా?

తిన్నెమీద
మా తెలుగు సంఘం తరఫున సంక్రాంతికి పల్నాటి యుద్ధం నాటకం వేయాలని నిర్ణయించుకున్నాం. రాసే పని నాకు అప్పగించారు. కోడిపందెం, ఏడేళ్ళ వలస, అలరాజు రాయబారం, కారెంపూడి పోరు, ఇవన్నీ రంగాలుగా బాగానే కుదిరాయి. చిక్కంతా మాచర్ల పక్షం మంత్రి బ్రహ్మనాయుడికి ఎదురు నిలిచిన గురజాల మంత్రి నాగమ్మ దగ్గరే వచ్చింది. ఆ వేషం వేస్తున్న డిగ్రీ విద్యార్థిని మొదటి రిహార్సల్‌లోనే ఒక మాట అడిగింది: "బ్రహ్మనాయుడు ఏ పని చేసినా దాని వెనక ఒక ధర్మం ఉన్నట్టు కథలో చెబుతారు, నాగమ్మ చేసినదానికి మాత్రం పగ, అసూయ తప్ప ఇంకో కారణం చెప్పరేం?" నేను ఆధారంగా పెట్టుకున్న కథనాలన్నిటిలోనూ నిజంగా అదే తీరు కనబడుతోంది. మా సంఘంలోని పెద్దలేమో నాగమ్మకు మంచితనం అంటగడితే పల్నాటి కథే మిగలదంటున్నారు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. కథ తెలిసినవారు, ఆ ప్రాంతం వారు మీ అభిప్రాయం కారణాలతో సహా చెప్పండి.

చంద్రవంక
మాది మాచర్ల. చిన్నప్పటి నుంచి విన్న కథ ఇది. రాయబారిగా వచ్చిన మనిషిని విషం పెట్టి చంపించినామెను దుష్టురాలు అనకపోతే ఇంకేమనాలి? రాయబారిని చంపకూడదన్నది శత్రువులు కూడా పాటించే నీతి. మీ పెద్దలు చెప్పిందే సబబుగా ఉంది.

ద్విపద_ప్రియుడు
తీర్పు చెప్పే ముందు సాక్ష్యం ఎవరిదో చూసుకోవాలి. యుద్ధం 12వ శతాబ్ది చివర, 1180ల ప్రాంతంలో జరిగిందని చెబుతారు. మనకు చేతికందిన ద్విపద కావ్యం శ్రీనాథుడి పేరు మీద ఉంది, అంటే 15వ శతాబ్దిది అనుకోవాలి. దాన్ని శ్రీనాథుడే రాశాడా అన్న విషయంలోనే పండితులకు ఏకాభిప్రాయం లేదు. అదలా ఉంచినా, జరిగినదానికీ రాసినదానికీ మధ్య రెండు వందల యాభై ఏళ్ళ దూరం ఉంది. ఆ మధ్యకాలమంతా ఈ కథను కాపాడినది వీరులను దేవుళ్ళుగా కొలిచే వీరవిద్యావంతులు. వారి గుడిలో పూజలందుకునేది బ్రహ్మనాయుడి పక్షం. ఆ గుడి ముందు నిలబడి పాడే పాటలో నాగమ్మ తరఫు వాదన వినబడుతుందని మనం ఎలా ఆశిస్తాం?

కారెంపూడి_కోడలు
ద్విపద_ప్రియుడు గారు చెప్పినది సగం వరకే ఒప్పుకుంటాను. మా అత్తగారి ఊరు కారెంపూడి. కార్తిక అమావాస్యకు మొదలయ్యే వీరారాధన అయిదు రోజులు జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఆచారవంతులు తమ ఇళ్ళలో తరతరాలుగా పూజించే కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, భుజాన పెట్టుకుని వస్తారు, వాటిని నాగులేటిలో కడిగి వీరుల గుడికి తీసుకువెళతారు. కోడిపోరు నాడు రెండు పుంజులను ఎదురెదురుగా వదిలి ఆనాటి పందేన్ని జరిపిస్తారు. ఒక పుంజు బ్రహ్మనాయుడిది, ఇంకొకటి నాగమ్మది. నేను గమనించినది ఏమిటంటే, ఆ జనంలో నాగమ్మ పేరెత్తి తిట్టేవారు నాకు దాదాపు కనబడలేదు. ఆమె లేకుండా ఆ అయిదు రోజుల్లో ఒక్క రోజు కూడా నడవదని అందరికీ తెలుసు. మా అత్తగారైతే ఆమె ప్రస్తావన వచ్చినప్పుడల్లా "నాయకురాలు" అనే అంటారు, ఉత్త "నాగమ్మ" అని ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. కాబట్టి గుడి ముందు పాడినంత మాత్రాన ద్వేషంతోనే పాడారని అనుకోనక్కరలేదు.

మానేటిఒడ్డు
మా కరీంనగర్ వైపు ఆమెను ఆర్వెల్లి ఆడపడుచు అని చెప్పుకుంటారు. చిన్నతనంలోనే పెళ్ళయి, చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, తండ్రి రామిరెడ్డితో కలిసి మేనమామ ఉండే జిట్టగామాలపాడుకు చేరిందని మా పెద్దలు చెప్పే కథ. బడి చదువు లేకపోయినా వ్యవసాయం, లెక్కలు, గుర్రపు స్వారీ, న్యాయం చెప్పడం, అన్నీ నేర్చిందంటారు. పల్నాటి రాజు అనుగురాజు ఆ దారిన వచ్చినప్పుడు ఆయన పరివారానికి ఆమె ఆతిథ్యమిచ్చింది, మెచ్చుకున్న రాజు కోరుకొమ్మంటే కొన్ని గడియల పాటు మంత్రిత్వం అడిగింది, ఆ మాటను తరువాత ఆయన కొడుకు నలగామరాజు చెల్లించాడు. ఇదీ కథ. దీంట్లో చరిత్ర ఎంత ఉందో పక్కన పెడితే, ఒక వితంతువు, పరాయి సీమ నుంచి వచ్చిన మనిషి, వంశపారంపర్యంగా మంత్రిపదవిలో ఉన్న కుటుంబాన్ని కాదని ఆ పదవిలో కూర్చున్నప్పుడు ఆమె మీద ఎన్ని నోళ్ళు లేచి ఉంటాయో ఊహించడం కష్టం కాదు. మీ నాటకంలోని అమ్మాయికి ఇదంతా చెప్పండి. ఆమె వేషానికి వెన్నెముక దొరుకుతుంది.

చంద్రవంక
మానేటిఒడ్డు గారు, కష్టాలు పడి పైకొచ్చినంత మాత్రాన విషప్రయోగం తప్పు కాకుండా పోదు కదా. ఆమె తెలివితేటలను నేనూ కాదనడం లేదు. తెలివి ఎంత ఉంటే బాధ్యత అంత ఉంటుంది.

రాగిరేకు
నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాడిని. ఈ గొడవను ఇద్దరు మంత్రుల పంతంగా మాత్రమే చూడడం వల్ల చాలా విషయాలు మరుగున పడుతున్నాయి. పల్నాడు అనుగురాజుకు ఎలా వచ్చింది? వెలనాటి చోడుల ఇంటి ఆడపడుచు మైలమాదేవిని పెళ్ళాడినందుకు అరణంగా, అంటే ఆమె పుట్టింటివారి పెళ్ళికానుకగా వచ్చింది. నలగామరాజు ఆమె కొడుకు. మలిదేవుడూ అతని తమ్ములూ సవతి కొడుకులు. అరణంగా వచ్చిన సీమ మీద తల్లి తరఫు వారసుడికే మొత్తం హక్కు ఉంటుందా, తండ్రి కొడుకులందరికీ వాటా ఉంటుందా అన్నది ఆ రోజుల్లో ఇద్దరు పెద్దమనుషులు రెండు రకాలుగా వాదించగల ప్రశ్న. బ్రహ్మనాయుడు సీమను పంచి మలిదేవులకు మాచర్లను ఇప్పించాడు, నలగామరాజు గురజాలలో ఉండిపోయాడు. నాగమ్మ వైపు నుంచి చూస్తే ఆ పంపకమే అన్యాయం, మా రాజు తల్లి తెచ్చిన సొమ్మును ముక్కలు చేశారు అని. ఇందులో ఎవరి పక్షం న్యాయమో నేను చెప్పబోవడం లేదు. ఆమెకు అసూయ తప్ప ఇంకో కారణం లేదన్న మాట మాత్రం నిలవదు.

దీనికి తోడు మతం ఉంది. బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు, నాగమ్మ శైవురాలు. 12వ శతాబ్దిలో తెలుగు సీమంతటా ఈ రెండు మార్గాల మధ్య ఒరిపిడి నడుస్తున్న కాలం అది. యుద్ధంలో పల్నాటి రాజులు, వెలనాటి బంధుబలగం కలిసి చితికిపోయారు, ఆ తరువాతి తరాల్లో కాకతీయులకు తీరాంధ్రం వైపు దారి సులువైంది. ఇల్లు తగలబడ్డాక నిప్పు ఎవరు పెట్టారని వెతికే కథల్లో పరాయి ఊరి నుంచి వచ్చిన స్త్రీ మీద మొదట వేలు పడుతుంది.

తిన్నెమీద
రాగిరేకు గారికి కృతజ్ఞతలు. అరణం సంగతి నేను విన్నదే అయినా ఈ కోణం నుంచి ఆలోచించలేదు. ఒక సందేహం ఉంది. ఇంత కారణం ఉన్నప్పుడు కథలో అదంతా ఎందుకు అణగిపోయింది? కోడిపందెమే ఎందుకు ముందుకు వచ్చింది?

ద్విపద_ప్రియుడు
భారతం వల్ల. కథనంతా ఒకసారి వరసలో పెట్టి చూడండి. దాయాదుల మధ్య రాజ్యం పేచీ, పందెం, ఓడినవారికి వలస, గడువు తీరాక రాయబారం, రాయబారం చెడి యుద్ధం, యుద్ధంలో పసివయసు వీరుడి మరణం. జూదం స్థానంలో కోడిపందెం వచ్చింది, అభిమన్యుడి స్థానంలో బాలచంద్రుడు వచ్చాడు. బ్రహ్మనాయుడిని విష్ణుమూర్తి అంశ అన్నారు, మాచర్ల చెన్నకేశవుడి భక్తుడే చెన్నకేశవుడంతటివాడయ్యాడు. ఈ అచ్చులో కథ పోసినప్పుడు ఒక గది ఖాళీగా మిగులుతుంది, అది శకునిది. నాగమ్మను తీసుకువెళ్ళి ఆ గదిలో కూర్చోబెట్టారు. శకునికి రాజ్యాంగం మీద ఒక అభిప్రాయం ఉంటుందని ఎవరూ అనుకోరు, పాచికలు ఉంటే చాలు. నాగమ్మకు కోడిపుంజు చాలిపోయింది.

వెన్నముద్ద
ఈ పోలిక ఇంతవరకు ఎవరూ నాకు ఇలా విడమర్చి చెప్పలేదు. అయితే ఒక చోట అచ్చు పగిలింది. భారతంలో శకుని చచ్చిపోతాడు. ఇక్కడ నాగమ్మ బతికింది. యుద్ధం గెలిచిన బ్రహ్మనాయుడు ఆమెను చంపలేదు, వదిలిపెట్టాడు. ఎందుకు?

కారెంపూడి_కోడలు
స్త్రీని చంపకూడదని వదిలేశాడని మా ఇంట్లో చెబుతారు.

చంద్రవంక
అంతకుమించి ఉంది. బ్రహ్మనాయుడి గొప్పతనం అక్కడే తెలుస్తుంది. కొడుకు బాలచంద్రుడు పోయాడు, మలిదేవులు పోయారు, చాపకూడు కుడిచిన వీరులందరూ నాగులేటి ఒడ్డున రాలిపోయారు. అంత పోగొట్టుకున్న మనిషి, పగ తీర్చుకునే అవకాశం చేతిలో ఉండి కూడా తీర్చుకోలేదు. నలగామరాజునే మళ్ళీ గద్దె మీద కూర్చోబెట్టి తాను గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడు. వీరత్వమంటే నరకడం ఒక్కటే అనుకునేవారికి ఈ ఘట్టం అర్థం కాదు. నాగమ్మను మంచిదాన్ని చేయడం కోసం బ్రహ్మనాయుడిని తగ్గించే పని మాత్రం చేయకండి, అది నాకు కష్టంగా ఉంటుంది. కులాలన్నిటినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినవాడు. 12వ శతాబ్దిలో మాల కన్నమదాసును కొడుకుగా చేరదీసి సేనాపతిని చేసినవాడు. ఈ రోజు కూడా ఆ పని చేయలేని ఊళ్ళున్నాయి.

రాగిరేకు
చంద్రవంక గారి ఈ మాటకు నేను పూర్తిగా కట్టుబడతాను. చాపకూడు ఆ కథలోని అలంకారం కాదు, కథకు గుండెకాయ. ఈనాటికీ కారెంపూడిలో మందపోరు నాడు చాపకూడు జరుగుతుంది. నాగమ్మకు న్యాయం చేయడానికి దాన్ని తగ్గించనవసరం లేదు. ఆచారాలను కాపాడాలనుకునే పక్షంలో ఆమె నిలబడిందన్న విషయం కూడా దాచకూడదు.

మానేటిఒడ్డు
రాగిరేకు గారు, ఆమె చాపకూడుకు వ్యతిరేకి అని ఎక్కడుంది? నాయుడి రాజకీయానికి వ్యతిరేకి అన్నంత వరకే కథలో ఉంది. వితంతువు మంత్రి కావడాన్ని ఆ కాలపు ఆచారం ఒప్పుకుంటుందా? ఆచారాన్ని ఎదిరించకుండా ఆ పదవికి ఆమె వచ్చి ఉండదు. ఇద్దరూ ఆచారాన్ని రెండు వేరు వేరు చోట్ల గండి కొట్టినవారే. ఒకరు కులం దగ్గర, ఒకరు స్త్రీ స్థానం దగ్గర. ఆ ఇద్దరూ ఒక పక్షాన ఉండి ఉంటే పల్నాడు ఎలా ఉండేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

పాతబొమ్మ
సినిమాల ప్రసక్తి ఇంతవరకు రాలేదు. 1947 నాటి చిత్రంలో నాగమ్మ కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి. ఇద్దరినీ ఎంచుకోవడంలోనే ఆ దర్శక నిర్మాతలకు ఒక సంగతి తెలిసినట్టుంది. భానుమతి తెర మీదకు వచ్చి నిలబడితే ఎదురుగా రామారావు బ్రహ్మనాయుడైనా చూపు ఆమె మీదే ఉంటుంది. మా నాయనమ్మ ఆ సినిమా గుర్తు చేసుకున్నప్పుడల్లా భానుమతి కూర్చున్న తీరు, చూసిన తీరు చెప్పేది తప్ప ఆమె చేసిన పాపాల గురించి ఒక్క మాటా అనేది కాదు. తిన్నెమీద గారు, మీ అమ్మాయికి కళ్ళు పెద్దవి చేసి పళ్ళు కొరకమని మాత్రం చెప్పకండి.

వెన్నముద్ద
ప్రేక్షకులుగా మనం గౌరవిస్తున్నది ఆ పాత్ర శక్తిని. శక్తి వేరు, శీలం వేరు. రావణుడి వేషానికి ఈలలు వేసినవాళ్ళంతా సీతను ఎత్తుకుపోవడం మంచిదన్నారా?

నాగులేరు
నేను పిడుగురాళ్ళ దగ్గరివాడిని. మా సీమ గురించి శ్రీనాథుడి పేరు మీద ఒక చాటువు ఉంది, అందరికీ తెలిసిందే.

చిన్న చిన్న రాళ్ళు చిల్లర దేవుళ్ళు
నాగులేటి నీళ్ళు నాపరాళ్ళు
సజ్జ జొన్న కూళ్ళు సర్పంబులును తేళ్ళు
పల్లెనాటి సీమ పల్లెటూళ్ళు

ఆ "చిల్లర దేవుళ్ళు" ఎవరో కాదు, ఆ వీరులే అని మా మాస్టారు ఒకరు చెప్పేవారు. చాటువు చెప్పినాయనా, ద్విపద రాసినాయనా ఒక్కరే అయితే, వచ్చినప్పుడు ఈసడించుకుని వెళ్ళేటప్పుడు చేతులు జోడించాడన్నమాట. మా ఎండకు ఆ మహిమ ఉంది.

ఇక విషయానికి వస్తాను. అందరూ నాగమ్మ, నాయుడు అంటున్నారు. బాలచంద్రుడి మాట ఎవరూ ఎత్తడం లేదు. మా ఇళ్ళలో పిల్లలకు మొదట చెప్పే వీరుడు అతనే. అతని శీలాన్ని కూడా ఒకసారి తూచి చూడండి. పెళ్ళాడిన మంచాలను వదిలి వేశ్య ఇంట్లో ఉన్నాడు. యుద్ధానికి పోతూ, తల్లి చెబితే తప్ప భార్య ముఖం చూడటానికి వెళ్ళలేదు. కారెంపూడిలో సంధి మాటలు నడుస్తుంటే పోరే కావాలని పట్టుబట్టాడు. ఇవన్నీ నాగమ్మ చేసి ఉంటే మనం ఏమనేవాళ్ళం?

కారెంపూడి_కోడలు
నాగులేరు గారు అనపోతు సంగతి మరిచిపోయారు. నాకు ఈ కథంతటిలో గుండె బరువెక్కే చోటు అదే. బాలచంద్రుడితో కలిసి పెరిగి, ఒకే పొత్తున తిన్న తమ్ములు పలు కులాలవాళ్ళు, వారిలో అనపోతు బ్రాహ్మణుడు. యుద్ధంలో అతను చనిపోతే తనకు బ్రహ్మహత్య చుట్టుకుంటుందని బాలచంద్రుడు భయపడ్డాడు. అందుకని మంచాల దగ్గర ఏదో మరిచిపోయానని సాకు చెప్పి అతన్ని వెనక్కి పంపి, మిగిలినవాళ్ళను తీసుకుని ముందుకు సాగిపోయాడు. అనపోతు తిరిగి వచ్చి చూసేసరికి దారిలో ఎవరూ లేరు. తనను వదిలేసి వెళ్ళారని తెలిశాక అక్కడే ప్రాణం తీసుకున్నాడు. ఒకే చాప మీద కూర్చుని తిన్నారు, చావు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కులం మధ్యలో వచ్చి కూర్చుంది. బాలచంద్రుడికి చెడ్డ ఉద్దేశం లేదు, స్నేహితుణ్ణి బతికించుకోవాలనే అనుకున్నాడు. అయినా ఆ మోసం మోసమే. మేలు కోరి చేసిన పని కాబట్టి అనపోతు చావుకు కన్నీళ్ళు పెట్టుకుంటాం కాని ఎవరినీ నిందించం.

ద్విపద_ప్రియుడు
కావ్యం రాసిన మనిషి ఆ ఘట్టాన్ని దాచిపెట్టలేదు, అది గుర్తించాలి. తన నాయకుడి పక్షం వహించిన కవి, నాయకుడు చేసిన ఈ పనిని ఇంత వివరంగా ఎందుకు చెప్పినట్టు? ఆ వీరులు తప్పు చేయనివారని అతను అనుకోలేదు. తప్పు చేసినప్పటికీ ప్రాణం పెట్టి తీర్చుకున్నారు కాబట్టి కొలవదగినవారనుకున్నాడు. మనం ఈ రోజు మంచివాడు, చెడ్డవాడు అని గీసే గీతకూ ఆ కవి గీసిన గీతకూ ఇదే తేడా అని నా నమ్మకం. ఆ లెక్కన నాగమ్మకు జరిగిన అసలు అన్యాయం ఆమె తప్పులు చెప్పడంలో లేదు. తప్పు చేశాక ఆమె ఏమనుకుందో, ఏం పోగొట్టుకుందో ఒక్క ద్విపదలో కూడా అడగకపోవడంలో ఉంది.

చంద్రవంక
ఇది బాగుంది. ఇంతవరకు నాగమ్మ తరఫున వచ్చిన మాటల్లో నా మనసుకు తగిలినది ఇదొక్కటే.

మంచినీళ్ళబావి
మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక మనిషి పేరు మీరందరూ దాటుకుంటూ పోతున్నారు. నలగామరాజు ఎక్కడ? మంత్రిని నియమించినది అతను. పందెం ఒప్పుకున్నది అతని కొలువు. ఓడిన తమ్ముళ్ళను ఏడేళ్ళు వెళ్ళగొట్టి, గడువు తీరాక రాజ్యం తిరిగి ఇవ్వనన్నది అతని నోరు. రాయబారిగా వచ్చిన అలరాజు ఎవరనుకున్నారు, అతని సొంత అల్లుడు, కూతురు పేరిందేవి భర్త. ఆ అల్లుడు తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగంతో చనిపోతే కూతురు సహగమనం చేసింది. ఇంత జరిగినా ఆ రాజు మంత్రిని తొలగించలేదు, విచారణ జరిపించలేదు. అతని తమ్ముడు నరసింగరాజు పేరు కూడా ఆ హత్యలో వినబడుతుంది. అలరాజు తండ్రి కొమ్మరాజు అడిగింది నరసింగరాజు తలనే కదా.

ఇంతటి మనిషిని మనం దుష్టుడు అనం, మెతకవాడు అంటాం, నాగమ్మ చేతిలో బొమ్మ అంటాం. బొమ్మ అంటే అతనికి ఎంత సుఖమో చూడండి. ఫలితమంతా అతనిది, పాపమంతా ఆమెది. యుద్ధం ముగిశాక కూడా మళ్ళీ గద్దె ఎక్కినవాడు అతనొక్కడే. ఇరుపక్షాలూ సర్వనాశనమైన పోరులో రాజ్యం పోగొట్టుకోని ఏకైక వ్యక్తి ఇతను.

నేను ఒక కార్యాలయంలో చాలా ఏళ్ళు పనిచేశాను. సంతకం పెద్దవారు పెడతారు, ఫైలు మీద నోటు రాసింది ఎవరో కింది ఉద్యోగి, అందులోనూ ఆ ఉద్యోగి ఆడమనిషైతే, తిట్లన్నీ ఆమె గుమ్మం ముందు చేరేవి. అందుకని ఈ కథ విన్నప్పుడల్లా నాకు కోపం నాగమ్మ మీద రాదు, నలగామరాజు మీద వస్తుంది.

రాగిరేకు
మంచినీళ్ళబావి గారు చెప్పినది చరిత్ర రచనలో కూడా అనుభవమే. రాజు చెడ్డ పని చేస్తే మంత్రి దుర్బోధ అని, మంచి పని చేస్తే రాజు ధర్మనిరతి అని రాయడం పాత అలవాటు. రాజవంశం మిగిలి ఉండగా కథ చెప్పేవారికి రాజును తిట్టడం క్షేమం కాదు. మంత్రి వంశం నిలవకపోతే, ముఖ్యంగా ఆ మంత్రికి సంతానం లేకపోతే, అడ్డుపడేవారు ఎవరుంటారు?

చంద్రవంక
ఒప్పుకుంటాను, నలగామరాజు తప్పించుకున్నాడు. కానీ అతని మీద తప్పు వేయడం కోసం నాగమ్మను చేతులు కట్టుకుని నోటు రాసిన గుమస్తాగా మార్చకండి. ఆమె అంత చిన్న మనిషి కాదు. పందెం వేసింది తన తెలివితో, నాయుడితో తలపడింది తన ధైర్యంతో. ఆమె సొంతంగా నిర్ణయం తీసుకున్నది కాబట్టే ఆ నిర్ణయాలకు ఆమెను అడుగుతున్నాం. రాజు కూడా దోషి అనండి, ఆమె దోషి కాదు అనకండి.

మంచినీళ్ళబావి
ఇద్దరినీ ఒకే బోనులో నిలబెడితే నాకు అభ్యంతరం లేదు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఒక్కరినే నిలబెట్టారన్నదే నా బాధ.

మానేటిఒడ్డు
మంద మీద దాడి సంగతి కూడా ఉంది. వలసలో ఉన్నవాళ్ళ పశువుల మీద పడి, మందను కాచిన లంకన్నను చంపించారు. మందపోరు నాడు తలుచుకునేది అదే. దాన్ని నేను సమర్థించను. ఆమె మా వైపు ఆడపడుచు అయినంత మాత్రాన తప్పును తప్పు అనకుండా ఉండలేను.

తిన్నెమీద
చర్చ ఇంత దూరం వస్తుందని అనుకోలేదు. ఇప్పటివరకు అర్థమైనదాన్ని బట్టి రెండు మార్పులు చేయబోతున్నాను. మొదటిది, అరణం మీద వాదన ఒక రంగంగా, నిండు కొలువులో నాగమ్మ, బ్రహ్మనాయుడు ఎదురెదురుగా నిలబడి మాట్లాడేటట్టు రాస్తాను. ఆ రంగంలో ఇద్దరి మాటా సబబుగానే వినబడాలి. రెండవది, అలరాజు చావు వార్త కొలువుకు వచ్చినప్పుడు అక్కడ నలగామరాజు ఉంటాడు. అతను ఏమీ మాట్లాడడు. అయితే ఆ చోట నాగమ్మ చేత ఏమి అనిపించాలో తెలియడం లేదు. పశ్చాత్తాపం పెడితే కథలో లేనిది చేర్చినట్టవుతుంది, గర్వం పెడితే మళ్ళీ మొదటికే వస్తాం.

పాతబొమ్మ
పేరిందేవిని తీసుకురండి. సహగమనానికి ముందు ఆమె పుట్టింటి కొలువు గుమ్మం దాకా వచ్చినట్టు రాయండి. తండ్రిని ఒక మాట అడుగుతుంది, మంత్రిని ఒక మాట అడుగుతుంది. చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న నాగమ్మ ముందు, భర్త శవంతో పాటు కాలిపోబోతున్న పిల్ల నిలబడి ఉంటుంది. అక్కడ నాగమ్మ చేత పెద్ద సంభాషణ చెప్పించనక్కరలేదు. ఆ వేషం వేసే అమ్మాయికి ఆ విషయం తెలిసి ఉంటే చాలు.

కారెంపూడి_కోడలు
పేరిందేవిని తీసుకువస్తే కోపంగా తీసుకురండి, దయచేసి ఏడిపించకండి. మంచాలను చూడండి, తనను పట్టించుకోని భర్తకు తానే కత్తి ఇచ్చి పోరుకు సాగనంపింది. ఆమెను అందరూ వీరపత్ని అని పొగుడుతారు, ఆమెకు జరిగిన అన్యాయం మాట ఎవరూ ఎత్తరు. ఈ కథలో ఆడవాళ్ళకు దొరికినవి రెండే దారులు, పూజ లేదా నింద. ప్రశ్న అడిగే ఆడమనిషి ఒకరైనా ఉండనివ్వండి.

వెన్నముద్ద
కన్నమదాసుకు ఎన్ని మాటలు రాశారు? చాపకూడు గురించి అందరూ నాయుడి నోటితోనే చెప్పిస్తారు. ఆ చాప మీద కూర్చున్నవాడికి ఒక్క మాట అయినా ఇవ్వండి.

తిన్నెమీద
ప్రస్తుతం అతనివి యుద్ధరంగంలో నినాదాలు మాత్రమే. వీరవిద్యావంతులు పాడే కథలో అతని భాగం ఎంత ఉంటుందో కారెంపూడి_కోడలు గారు చెప్పగలరా?

కారెంపూడి_కోడలు
చాలా ఉంటుంది. పాడేవాళ్ళలో ఎక్కువమంది మాలలే, కన్నమదాసు వాళ్ళకు ఇంటి మనిషి. కథకుడు చేతిలో కత్తి పట్టుకుని, పక్కన పంబ మోగుతుండగా కన్నమదాసు పోరు మొదలుపెడితే ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్ళు లేచి నిలబడడం నేను చూశాను. పుస్తకంలో చదివి రాయకండి. వచ్చే కార్తికంలో ఆ అయిదు రోజులు ఇక్కడికి వచ్చి కూర్చోండి, మా ఇంట్లో దిగవచ్చు. సంక్రాంతికి ఇంకా వ్యవధి ఉంటుంది.

చంద్రవంక
వచ్చేటప్పుడు మాచర్ల మీదుగా రండి. చెన్నకేశవుడి గుడి చూపించి, మిగిలిన వాదన అక్కడ కూర్చుని తేల్చుకుందాం.